గుణుపురంలోని మేనకోడలికి: దుఃఖంలో ఉన్నవాళ్లతో పద్యం చదవడం గురించి

చి.ల.సౌ. మేనకోడలికి,

పర్లాకిమిడి నుంచి మీ పెద్దమామయ్య ఆశీస్సులు.

మీ మామగారు పోయినప్పటినుంచి అత్తగారు ఎవరితోనూ మాట్లాడటం లేదని, రోజూ సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని పద్యాలు చదువుదామనుకుంటున్నానని రాశావు. మంచి పని, తప్పకుండా మొదలుపెట్టు. కానీ వేదాంతం చెప్పి ఓదార్చాలని చూడకు. పుట్టినవాడు గిట్టక తప్పదన్న మాట వచ్చినవాళ్లందరూ ఆవిడకి చెప్పే ఉంటారు.

పోతనగారి గజేంద్రమోక్షం తియ్యి. మొసలితో వెయ్యేళ్లు పోరాడిన ఏనుగు "లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె" అంటుంది. అంతకుముందే "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని దేవుణ్ణే అనుమానించింది. అంతటి భక్తుడై ఉండీ పోతన ఆ అనుమానాన్ని దాచలేదు. అందుకే ఆయనంటే నాకంత గౌరవం. మీ అత్తగారి మనసులోనూ అదే ప్రశ్న ఉండొచ్చు, పైకంటే పాపమని భయపడుతూ ఉండొచ్చు. ఆ మాట పద్యమే ముందు అనేస్తే ఆవిడకి కాస్త తోవ దొరుకుతుంది.

రాగం తీసి రెండుసార్లు చదువు. అర్థం చెప్పకు. "అంత బలమైన ఏనుగు ఇలా అనొచ్చా అత్తయ్యా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకో. ఆవిడ పలక్కపోతే ఆ పూటకి అంతే, లేచి నీ పని చూసుకో. పలికితే మాత్రం దిద్దకు. పోయినాయన మీద కోప్పడినా సరే, వినాలి. ప్రేమ ఉంది కాబట్టే ఆ కోపం. మాటలు కూడా ఇంట్లో మాట్లాడుకునేవే వాడు. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తిగారు నిలబడ్డది మన పర్లాకిమిడిలోనే కదా.

పిల్లల్నీ కూర్చోబెట్టుకో. వాళ్లకి తెలుగు చదవడం రాదు, ఒడియా లిపిలో రాసిస్తానన్నావు. రాయి, కానీ ఒడియాలో ఎ, ఏలకి ఒకటే అక్షరం. ఒ, ఓలకీ అంతే. "కలడో లేడో" దగ్గర దీర్ఘం పోతే కందం నడక చెడిపోతుంది. దీర్ఘం ఉన్నచోటల్లా ఎర్రసిరాతో పైన గీత పెట్టు. అయినా పిల్లలు తప్పుతారు. అప్పుడు నువ్వు దిద్దకుండా అత్తగారి వైపు చూడు. ఆవిడ నోరు విప్పితే ముందు అక్కడే విప్పుతుందని నా నమ్మకం.

ఇంకొక్క మాట. ఆవిడకి నిద్ర పట్టకపోయినా, అన్నం మానేసినా, బతికేం లాభం అన్నా పద్యాలతో సరిపెట్టకు. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకి వెంటనే చూపించు. అబ్బాయికి సెలవు దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, తోడు నేనొస్తాను.

ఇట్లు,
మీ పెద్దమామయ్య