బీకాం కుర్రాడు వేరుశనగ వేస్తానంటే

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి బీకాం చదివి ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడు. హిందూపురం దగ్గర మాకున్న నాలుగెకరాల మెట్టలో మందులు, ఎరువులు తగ్గించి వేరుశనగ, కంది వేస్తానంటున్నాడు. ఏ కోర్సులో చేర్పించాలి?

జవాబు: అమ్మా, బీఎస్సీ అగ్రికల్చర్ గురించి ఆలోచించకండి. అది ఇంటర్ సైన్సు చదివినవాళ్లు చేరే నాలుగేళ్ల డిగ్రీ. సర్టిఫికెట్ కావాలనుకుంటే ఇగ్నోలో ఇంటర్ అర్హతతో ఆరు నెలల సేంద్రియ వ్యవసాయ కోర్సు ఉంది, చాలు. పని రావాలంటే మాత్రం ఒక ఖరీఫ్ మొదటి నుంచి చివరిదాకా పొలంలో ఉండాలి. అదీ ఒక్క ఎకరంలోనే. మిగతా మూడూ ఈ ఏడాది కౌలుకిచ్చేయండి.

వేసవిలోనే మట్టి పరీక్ష చేయించమనండి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల 15 సెం.మీ. లోతున ‘వి’ ఆకారంలో గుంట తీసి, దాని అంచు వెంట పైనుంచి కిందిదాకా మట్టి గీసి, అంతా కలిపి అరకిలో పంపాలి. గట్టు పక్కనా, చెట్టు కిందా, పెంట పోసిన చోటా తీసిన మట్టి పనికిరాదు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ వస్తే ముందు పశువుల ఎరువు సమకూర్చుకోవాలి. ఎరువులు తగ్గించడమంటే హఠాత్తుగా మానేయడం కాదు. చాలామంది కొత్తవాళ్లు తొలి పంట పోగొట్టుకునేది ఇక్కడే.

సాళ్లు వాలుకు అడ్డంగా వేయాలి. వేరుశనగకు సాలుకీ సాలుకీ 30, మొక్కకీ మొక్కకీ 10 సెం.మీ. దూరం. మొలిచాక పది మీటర్ల సాలులో వంద మొక్కలుండాలి. బాగా తగ్గితే అక్కడే తవ్వి చూడాలి: విత్తు లోతుగా పడిందా, పదును (నేలలో తేమ) చాలలేదా, కుళ్లిందా? ప్రతి ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేస్తే, నడుమ వాన మొహం చాటేసినా లోతు వేరున్న కంది కొంత చేతికొస్తుంది. చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్న గానీ సజ్జ గానీ పురుగులకు అడ్డుగోడలా వేయాలి. గట్ల మీద వయ్యారిభామ (పార్థీనియం) కలుపును పూతకు ముందే పీకేయాలి. దాని పుప్పొడిని తామర పురుగులు చేనులోకి మోసుకొస్తాయి, దాంతోనే కాండం కుళ్లు వైరస్ వస్తుంది. మందు కొట్టి వైరస్‌ను నయం చేయలేం.

విత్తనానికి శిలీంద్రనాశిని ముందు పట్టించి, ఆరాక చివర్లో రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) కలిపి, నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తాలి. ఎండలో పెడితే బాక్టీరియా చచ్చిపోతుంది. పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అది చాలకపోతే తాలు కాయలే. కలుపు కోసం సాళ్ల మధ్య గుంటక తోలడం 45 రోజుల్లోపే ముగించాలి, ఆ తర్వాత తోలితే ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయగా మారే కాడలు) తెగుతాయి.

విత్తన రకాల గురించి కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి. బెంగళూరులో ఉన్నారు కాబట్టి జీకేవీకేలో (వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ) జరిగే కృషి మేళాకు తప్పక పంపండి. స్టాళ్ల దగ్గర కాలక్షేపం చేయకుండా ప్రదర్శన మడుల్లో రాగి, కంది సాళ్లు ఏ నిష్పత్తిలో వేశారో చూసి రాసుకోమనండి.

బీకాం వృథా కాదు. 2020లో మొదలైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల (రైతులే సభ్యులుగా నడుపుకునే కంపెనీలు, సంఘాలు) పథకం కింద ఏర్పడిన ప్రతి సంస్థకూ ఖాతాలు రాసే మనిషి కావాలి. పంట నిలదొక్కుకునేదాకా ఆ ఉద్యోగం ఊళ్లోనే దొరికే ఆసరా.

శని, ఆదివారాలు వెళ్లి సాగు చేద్దామనుకుంటే మాత్రం ఒప్పుకోకండి. వాన పడ్డాక పదును రెండు మూడు రోజులే ఉంటుంది, అది మంగళవారం రావచ్చు. జూన్ నుంచి వేరుశనగ పీకేదాకా అతను ఊళ్లోనే ఉండాలి. కంది కోత డిసెంబరు, జనవరిదాకా సాగుతుంది. జీతం లేకుండా ఆ ఏడెనిమిది నెలలు ఇల్లు నడుస్తుందా అన్నది ముందు ఇద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క వేయండి.