ఒరిగింది రెక్కా, నేలా?

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన విమానాల ఫొటోలన్నీ తీరిగ్గా చూశాను. ఫోకస్ కుదిరింది. ఏ వెలుతురులో తీయాలో నీకు బాగా పట్టుబడింది. చెప్పాల్సిందల్లా హొరైజన్ గురించే, అంటే నేలో సముద్రమో ఆకాశాన్ని కలిసే అడ్డగీత గురించే. కొన్ని ఫొటోలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. మిగతావి నువ్వు సరిచేశావు గానీ, విమానాన్ని చూసి సరిచేశావు. ఒరిగినవాటి కన్నా ఇవే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

పక్కగాలిలో విమానం దిగుతుండగా ఎదురుగా నిలబడి తీసిన ఫొటో ఉంది కదా, దాన్ని మళ్లీ తెరిచి చూడు. అలాంటి గాలిలో పైలట్ గాలి వచ్చే వైపు రెక్కను కాస్త వంచి, ఆ వైపు చక్రాలే ముందు రన్‌వేను తాకేలా దించుతాడు. నువ్వు రెండు రెక్కలనూ ఒకే మట్టానికి తెచ్చావు. దాంతో వెనకున్న దీపస్తంభాలన్నీ ఎడమకు వాలిపోయాయి. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఆ పైలట్ చూపిన నేర్పు ఫొటోలోంచి మాయమైపోయింది. విమానం ఎంత వంగిందో, ముక్కు ఎంత లేచిందో చూసేవాళ్లకు తెలిసేది వెనకున్న నేలను బట్టే. ఆ నేల తప్పితే విమానం గురించి మనం చెప్పేదంతా అబద్ధమవుతుంది. ఈ పనిలో నాకు పట్టింపు ఉన్నది ఇక్కడే.

అందుకే విమానాన్ని ఎప్పుడూ కొలబద్దగా తీసుకోకు. 3 డిగ్రీల వాలులో కిందికి దిగుతున్నప్పుడు కూడా ప్రయాణికుల విమానం ముక్కు మామూలుగా కాస్త పైకే ఉంటుంది. టేకాఫ్‌లో దాదాపు 15 డిగ్రీలు లేస్తుంది. మన వైమానిక దళం దగ్గరున్న పాత డకోటా ‘పరశురామ’నే తీసుకో. దానికి చిన్న చక్రం తోక కింద ఉంటుంది కాబట్టి నేల మీద నిలిపి ఉంచినా ముక్కెత్తుకునే ఉంటుంది. దాని కిటికీల వరుసను అడ్డంగా సరిచేశావంటే నేల ఏటవాలైపోతుంది.

రన్‌వే అంచునూ నమ్మకు. దానికి సరిగ్గా లంబంగా నిలబడి తీస్తే తప్ప ఆ గీత ఏటవాలుగానే పడుతుంది. పైగా రన్‌వేలన్నీ చదునుగా ఉండవు. పెద్ద విమానాశ్రయాల్లో కూడా మొత్తం మీద 1 శాతం వరకు వాలును అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి. నేపాల్‌లోని లుక్లాలో అది 12 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఆ రన్‌వేను పక్కనుంచి తీసి, దాన్ని చదును చేస్తే వెనకున్న ఇళ్లన్నీ కూలిపోతున్నట్టు కనిపిస్తాయి.

మరి దేన్ని నమ్మాలి? నిలువు గీతను నమ్ము. కంట్రోల్ టవర్, దీపస్తంభం, హ్యాంగర్ మూల, ఏదైనా సరే, ఫ్రేము మధ్యకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకో. కెమెరాను పైకెత్తి తీసినప్పుడు ఎడమ అంచున ఉన్న స్తంభం కుడికి, కుడి అంచున ఉన్నది ఎడమకు వాలతాయి. అంచున ఉన్నదాన్ని పట్టుకుని తిప్పితే మిగతా ఫొటో అంతా పాడవుతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. విమానంతో పాటు కెమెరాను వేగంగా తిప్పుతూ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే చాలా కెమెరాల్లో స్తంభాలన్నీ ఒకే పక్కకు వాలినట్టు పడతాయి. సెన్సర్ దృశ్యాన్ని వరుసలవారీగా చదవడం వల్ల వచ్చే వంకర అది, తర్వాత ఫొటోను ఎంత తిప్పినా పోదు. అలాంటి సందర్భాల్లో మెకానికల్ షట్టర్ వాడు.

నీళ్లు కనిపిస్తే ఇక వెతుక్కోనక్కర్లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు తీయాలని ఉందన్నావు కదా. అక్కడ సముద్రం ఆకాశాన్ని కలిసే గీతే నీకు ప్రమాణం. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు సాగే ఒడ్డు గీత మాత్రం కాదు. అది నీకు దూరంగా జరుగుతూ పోయే గీత, ఏటవాలుగా ఉండటమే దాని సహజం. వైడ్ లెన్స్ వాడితే ముందు సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ కరెక్షన్ వేసి, అంటే లెన్స్ వల్ల వచ్చిన వంపును సరిచేసి, ఆ తర్వాతే తిప్పు. లేదంటే ఫ్రేము కింది భాగంలో ఉన్న సముద్రపు గీత మధ్యలో కుంగి, రెండు కొనలూ పైకి లేచినట్టు కనిపిస్తుంది. దాన్ని ఎటు తిప్పినా ఒక పక్క తప్పుగానే తోస్తుంది.

ఆకాశం తప్ప మరేమీ లేని ఫొటోల్లో, వైమానిక దళ విన్యాసాల జట్టు సూర్యకిరణ్ నిట్టనిలువుగా లేస్తున్నప్పుడు తీసినటువంటి వాటిలో, అందం కోసం తిప్పాలని చేతులు ఊరుకోవు. తిప్పకు. నిలువుగా ఎక్కే విమానాన్ని ఏటవాలుగా చూపే హక్కు మనకు లేదు. అంతకుముందో ఆ తర్వాతో తీసిన ఫ్రేములో నేల కనిపిస్తే, కెమెరాను ఎలా పట్టుకున్నావో దాన్నిబట్టి కొంతవరకు అంచనా వేసుకోవచ్చు.

తిప్పిన ప్రతిసారీ మూలలు తెగుతాయని కూడా గుర్తుంచుకో. వెడల్పు, ఎత్తు 3:2గా ఉన్న ఫ్రేమును అదే నిష్పత్తిలో ఉంచి 1 డిగ్రీ తిప్పితే విస్తీర్ణంలో 5 శాతం పోతుంది, 3 డిగ్రీలైతే 14 శాతం దాకా పోతుంది. ముక్కు, తోక అంచులకు ఆనేలా బిగించి తీసే అలవాటు నీకు ఉంది. అలా తీస్తే తర్వాత సరిచేయడానికి చోటు మిగలదు. తీసేటప్పుడే కాస్త వదులుగా తీయి.

సాఫ్ట్‌వేర్‌లో ఫొటోను దానంతటదే సరిచేసే ఆటో బటన్‌ను మొదటి అడుగుగా వాడుకో, తీర్పు మాత్రం నీదే కావాలి. చెట్ల వరుసనో రెక్కనో హొరైజన్ అని ఆ బటన్ పొరబడటం నేను చాలాసార్లు గమనించాను. అన్నీ అయ్యాక ఫొటోను కుడిఎడమలు మార్చి ఒకసారి చూడు. అలవాటు పడిన కంటికి తట్టని అర డిగ్రీ తేడా అప్పుడు చప్పున దొరుకుతుంది. దొరికితే సరిచేసి, కుడిఎడమలు మళ్లీ యథాస్థానానికి తెచ్చాకే సేవ్ చేయి. లేకపోతే విమానం మీద రాసిన రిజిస్ట్రేషన్ తిరగబడి కనిపిస్తుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య