బీరువాకు రంగేసిన అమ్మాయిని బీటెక్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుకు మంచి కాలేజీలోనే సీటు వస్తుంది. కానీ ఈ వేసవిలో మా అమ్మగారి టేకు బీరువాకు నీలం రంగు వేసింది. పాత సామాన్లకు రంగులేసి అమ్మే పనే చేస్తానంటోంది. బీటెక్, డిజైన్ కోర్సు, ఈ పని, మూడూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో ర్యాంకు గురించి రెండు వాక్యాలున్నాయి, బీరువా గురించి రెండు పేజీలు. మీ అమ్మగారు పోయి ఏడాది తిరగలేదు. ఆవిడ రోజూ తీసి వేసిన తలుపుల మీద కొత్త రంగు చూసేసరికి మీ మనసు కలుక్కుమంది. దానికి తోడు, ఇంజనీరు కావలసిన పిల్ల వడ్రంగి పని చేస్తోందని చుట్టాలు అంటారేమోనన్న భయం. ఈ రెండూ కలిసి మీకు నిద్ర లేకుండా చేస్తున్నాయి.

ముందు నా అనుమానాలు చెబుతాను. పాత ఫర్నిచర్‌కు రంగులేసే రీల్స్ చూసి నా దగ్గరకు వచ్చే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. రీల్‌లో నిమిషంలో అయిపోయే బల్ల, ఒంటి చేత్తో చేస్తే వారం పది రోజులు పడుతుంది. ఊగే కాళ్లు బిగించాలి, పుచ్చిన ముక్క కోసి కొత్తది అతకాలి, లప్పం పెట్టాలి, ప్రతి కోటు ఆరే దాకా ఆగాలి. వానాకాలంలో అదీ ఆరదు. ఆటో కిరాయి, సామాను పెట్టుకునే చోటు వేరే. ఇంతా చేశాక కొనేవాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లో దొరికే ప్లైవుడ్ బల్ల ధరతో పోలుస్తారు.

పని తెలియకపోతే నష్టం ఇంకా ఎక్కువ. మన పాత సామాన్లలో చాలావాటికి లక్కను స్పిరిట్‌లో కరిగించి పట్టించిన పాలిష్ ఉంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక మూల రుద్దితే జిగటగా కరుగుతుంది, అలా గుర్తుపట్టొచ్చు. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దకుండా, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయకుండా పైన రంగేస్తే కొన్నాళ్లకే పెచ్చులు లేస్తుంది. రోజ్‌వుడ్ మీద నేరుగా తెల్ల రంగేస్తే లోపలి ఎరుపు మరకలుగా పైకి వస్తుంది. అసలు చెక్కలోని గీతలు చక్కగా కనిపించే టేకును రంగుతో కప్పడం నాకు ఇష్టం లేదు. దానికి పాలిష్ చాలు. రంగు అతుకులు పడ్డ వాటికి, మరకలు వదలని వాటికి, రకరకాల చెక్కలు కలిసిన వాటికి బాగుంటుంది. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పండి. అయితే బీరువా ఏమీ పాడైపోలేదు. రంగును రిమూవర్‌తో తీయించొచ్చు, కింద టేకు అలాగే ఉంటుంది.

ఇక మీ గురించి. చుట్టాల ముందు ‘రంగుల పిచ్చి’ అన్నానని మీరే రాశారు. తప్పు చేశారండీ. తలుపు లోపలివైపు మీ అమ్మగారు పెన్సిల్‌తో రాసుకున్న పాల లెక్కలకు రంగు తగలకుండా కాగితం అంటించి వదిలేసిందని కూడా మీరే రాశారు. ఎక్కడ రంగు వేయకూడదో ఆ పిల్లకు ఎవరూ నేర్పకుండానే తెలిసింది. వాళ్ల నాయనమ్మను అది మీకన్నా తక్కువేమీ ప్రేమించలేదు. మళ్లీ అందరి ముందే ఆ మాట వెనక్కి తీసుకోండి.

పోలిక అడిగారు. మనసు లేకుండా బీటెక్‌లో చేర్పిస్తే నాలుగేళ్లు, ఫీజులు పోతాయి, అంతకు మించి చెప్పను. డిగ్రీ కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్, ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ ఉన్నాయి. నా ఓటు డిజైన్‌కే. వాటి ప్రవేశ పరీక్షల సంగతి అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఎక్కడ చేరినా చెక్కపని చేతికి రావాలి. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఉంది, బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ కూడా చెక్కపనిలో శిక్షణ ఇస్తుంది. ఈలోగా మీ ఊరి మేస్త్రి దగ్గర రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టండి. ఆడపిల్ల అని వెనకాడకండి.

ఇంట్లోవి కాకుండా, బయట కొన్న మూడు పాత సామాన్లు బాగుచేసి అమ్మమనండి. పట్టిన గంటలు, ఖర్చు, వచ్చిన డబ్బు ఒక నోటుబుక్కులో రాయాలి. ఆ లెక్క చూస్తే ఇది సరదానో, బతుకుతెరువో తనకే తెలుస్తుంది. మీకు అంత టెన్షన్ అక్కర్లేదు. పదిహేడేళ్ల పిల్ల ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేసింది, అది నాకు ర్యాంకు కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తోంది.

ఒక్కటి మాత్రం ఈరోజే చూడండి. తర్వాత పాత ఆకుపచ్చ రంగున్న ఉయ్యాల పట్టుకుంటానంటోందని రాశారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లతో తడిపి, ఆరుబయట, మంచి మాస్క్ పెట్టుకుని రుద్దమనండి. చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.