గెలుపోటములు లేని ఆట అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బాగానే చదువుతుంది. కానీ గేమ్ డిజైనర్ అవుతానంటోంది. తను చేసేవాటిలో గెలిచేది లేదు, ఓడేది లేదు, చిన్నపిల్లల బొమ్మల్లా ఉంటాయి. మా మరిది కొడుకు ఆన్‌లైన్ గేముల్లో పడి అప్పులపాలయ్యాడు. ఆ మాట వింటేనే మాకు టెన్షన్. ఈఏపీసెట్ అయ్యేదాకా ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. గేమింగ్ స్పెషలైజేషన్‌తో బీటెక్ మంచిదా, బీడిజైన్ మంచిదా? అడిగినవాళ్లకి ఏమని చెప్పుకోవాలి? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ప్రశ్నతోపాటు అమ్మాయి చేసిన ఆట లింకు పంపారు. నేను ముందు అదే తెరిచాను. ఒక పెరడు, మూలన రోలు, నాలుగు కోళ్లు. తెర మీద వేలు పెడితే గింజలు రాలతాయి, కోళ్లు పరుగెత్తుకొస్తాయి. ఒక కోడి మాత్రం రోలెక్కి కూర్చుంది. ఎన్ని గింజలు చల్లినా దిగదు. పది నిమిషాలు తంటాలు పడి, విసుగొచ్చి చల్లడం ఆపేశాను. అప్పుడు దిగింది, నా వేలున్న చోటికే వచ్చి నేల గీరింది. నేను గట్టిగా నవ్వేశాను. పదిహేడేళ్ల పిల్ల, ఆడేవాళ్ల ఓపిక ఎక్కడ అయిపోతుందో ముందే ఊహించి అక్కడ ఆ కోడిని కూర్చోబెట్టింది. గేమ్ డిజైన్ అంటే అదే. మీరు ఇంత ఉత్తరం రాశారు గానీ, ఆ ఆట ఒక్కసారైనా ఆడానని ఎక్కడా రాయలేదు.

గెలుపోటములు లేవని బెంగపడకండి. బొంగరానికి గెలుపేముంది? తాడు చుట్టి విసిరితే తిరుగుతుంది, చూస్తూ ఉండిపోతాం. 1989లో నగరాలు కట్టే సిమ్‌సిటీ చేసిన విల్ రైట్ తను చేసింది ఆట కాదు, సాఫ్ట్‌వేర్ బొమ్మ అనేవాడు. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్టోల్‌బెర్గ్ చేసిన టౌన్‌స్కేపర్‌లో నీళ్ల మీద రంగురంగుల ఇళ్లు కట్టుకుంటూ పోవడమే, లక్ష్యమంటూ ఏదీ లేదు. నాకు అందరికంటే ఇష్టమైనవాడు జపాన్‌కు చెందిన కేతా తకహాషి. శిల్పకళ చదివాడు. చదువుకునే రోజుల్లో మేక ఆకారంలో పూలకుండీ చేశాడట, నీళ్లు పోస్తే పొదుగులోంచి కారేలా. అతను 2004లో చేసిన కటమారి డమాసీలో ఒక జిగురు బంతిని దొర్లించుకుంటూ పోవాలి. మొదట గుండుసూదులు, రబ్బరు ముక్కలు అంటుకుంటాయి. తర్వాత పిల్లులు, మనుషులు, చివరికి ఇళ్లకు ఇళ్లే. న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం 2012లో తన సేకరణలోకి తొలిసారి 14 వీడియో గేములు తీసుకున్నప్పుడు వాటిలో ఇదీ ఉంది.

మీ మరిది కొడుకు సంగతి వేరు. అది డబ్బు పెట్టి ఆడే జూదం. దాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. మీ భయం నిజమైనదే, కాదనను. కానీ ఆ కోపం ఈ పిల్ల మీద చూపించడం అన్యాయం. సంగీతం నేర్చుకునే పిల్లయితే వీణను బీరువాలో పెట్టి తాళం వేసేవారా?

ఇక కోర్సులు. ప్రవేశ పరీక్షల వివరాలు వెబ్‌సైట్లలో ఉన్నాయి, మళ్లీ ఇక్కడ రాయను. ఈమధ్య వీధికో కాలేజీ 'గేమింగ్' అని బోర్డు పెట్టి బీటెక్ సీట్లు అమ్ముతోంది. నాకు వాటి మీద చాలా అనుమానాలున్నాయి. చేరాక మొదటి రెండేళ్లు అందరితోపాటు అదే ఇంజినీరింగ్, తర్వాత ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లు నేర్పి సర్టిఫికెట్ చేతికిస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి లక్షలు కట్టక్కర్లేదు, ఆటలు తయారుచేసే గోడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ రెండూ ఉచితం. అలా చేరి మూడో ఏడు నా దగ్గరకొచ్చిన పిల్లల్ని 'మీరు చేసిన ఆట ఒకటి చూపించండి' అంటే తల దించుకుంటారు. చేయించినవాళ్లు లేరు మరి. 'గేమింగ్ పరిశ్రమ వేల కోట్లు' అని బ్రోషర్‌లో వేస్తారు. అందులో ఫ్రెషర్‌కి దొరికేది ఎక్కువగా ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ పనులే. డిజైనర్ కుర్చీలు తక్కువ, అవి ఏదో ఒకటి చేసి చూపించినవాళ్లకే దక్కుతాయి.

సొంతంగా ఆట చేసి అమ్ముకోవడమూ పూలబాట కాదు. మెల్‌బోర్న్‌లో నలుగురు కలిసి అల్లరి బాతు మీద చేసిన అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ 2019 సెప్టెంబరులో వచ్చి, ఆ ఏడాది ముగిసేసరికి పది లక్షల కాపీలు దాటింది. అది చూసి ఉద్యోగాలు మానేసినవాళ్లున్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక ఆట పెట్టడానికి వంద డాలర్లు కడితే చాలు. అందుకే 2024లో ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా ఆటలు వచ్చి పడ్డాయి. అమ్మకాల్లో సుమారు 30 శాతం స్టీమ్ వాళ్లే తీసుకుంటారు. కాబట్టి తిండి పెట్టే పని ఒకటి చేతిలో ఉండాలని అమ్మాయికి నేనే చెప్తాను.

నా మాటైతే, బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) సీటు మంచి చోట వస్తే అదే. ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది, మీకు దగ్గర్లో అమరావతిలో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. రాకపోతే మామూలు కంప్యూటర్ సైన్స్ బీటెక్ చదివించండి, పేరు పక్కన 'గేమింగ్' తగిలించినది వద్దు. దాంతో దారి మూసుకుపోదు. ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ (పీజీ) ఉంది, ఇంజినీర్లు కూడా రాయొచ్చు. ఈ నాలుగేళ్లలో ఆమె ఎన్ని ఆటలు చేసి నలుగురితో ఆడించిందన్నదే అక్కడ పనికొస్తుంది.

బంధువులకి ఏం చెప్పాలని కదా మీ అసలు బాధ? ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో పిల్లలచేత బొమ్మలు చేయిస్తూ జీవితం గడిపారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇది చెప్పండి. చెప్పకపోయినా ఫర్వాలేదు, ఫీజు కట్టేది వాళ్లు కాదు.

పరీక్షలయ్యాక అమ్మాయిని కొండపల్లి తీసుకెళ్లండి, మీకు దూరమేమీ కాదు. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ ఎలా అతికిస్తారో దగ్గర కూర్చుని చూడనివ్వండి. ఆ పనివాళ్లకి ఎంత గిట్టుబాటు అవుతుందో కూడా అడగమనండి, అదీ తెలియాలి.

ల్యాప్‌టాప్ మాత్రం అప్పటిదాకా ఆపొద్దు. ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పక్కనే కూర్చుని, ఆ రోలు మీది కోడిని మీరే దింపడానికి ప్రయత్నించండి. ఎలా దిగుతుందో నేను చెప్పేశాను కాబట్టి, ఈపాటికి అమ్మాయి ఇంకో చిక్కు ఆలోచించే ఉంటుంది.