ముందు బరువు తగ్గించా, గురి పోయింది!

ప్రశ్న: సార్, మాది బెంగళూరు మారతహళ్లి. నా పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే) ఎయిర్ రైఫిల్‌కి ముందున్న చెక్క తీసేసి సన్న అల్యూమినియం హ్యాండ్‌గార్డ్ (చేత్తో పట్టుకునే తొడుగు) వేయించా, బరువు తగ్గింది గానీ కాస్త కదుల్తోంది, పెల్లెట్లు ఓసారి అటు ఓసారి ఇటు పడుతున్నాయి. కార్బన్ ఫైబర్‌ది కొనమంటారా?

జవాబు: ఆగండి బాబూ, డబ్బులు తర్వాత! కార్బన్ ఫైబర్ తేలికే, అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములైతే దానిది 1.6 దాకా ఉంటుంది, కానీ మీ రోగం బిగింపులో ఉంది. ముందు పెల్లెట్, గాలి రెండూ ఖాళీ చేసి, ఓ కాగితం ముక్క బ్యారెల్‌కీ (తుపాకి గొట్టానికీ) గార్డ్‌కీ మధ్య దూర్చి వెనక దాకా లాగండి, ఎక్కడైనా ఇరుక్కుందా అక్కడ తగుల్తున్నట్టే, చెయ్యి నొక్కినప్పుడల్లా గురి మారేది అందుకే. స్క్రూలకున్న నూనె స్పిరిట్‌తో తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి, అన్నీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి, కంపెనీవాళ్లు చెప్పిన టార్క్ (బిగించే బలం) దాటొద్దు, అల్యూమినియం మరలు ఇట్టే అరిగిపోతాయి. స్క్రూ తల మీద నుంచి గార్డ్ మీదకి నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి (ఇంట్లో అడిగే తీసుకోండి!), గీత విరిగితే వదులైనట్టే. అయినా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తుపాకి బరువు 5.5 కిలోల దాకా ఒప్పుకుంటారు, ముందు కాస్త బరువుంటేనే తుపాకి నిలకడగా ఉంటుంది, మీకంత తొందరేంటో!