మస్కట్‌ బడికి వెళ్తున్న మా చెల్లెలి కూతురికి

అమ్మలూ,

అస్సలాము అలైకుమ్. మస్కట్‌లో ఒమానీ పిల్లలు చదివే బళ్ళో నీకు కౌన్సెలర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నాకు కళ్ళు తడిశాయి. ఇరవై రెండేళ్ళు ఆ నేల మీద పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. వీసా, మెడికల్, అద్దె ఇల్లు లాంటివి చెప్పడానికి నీకు బోలెడుమంది ఉంటారు. నేను పిల్లల గురించి రాస్తాను. నిదానంగా చదువు, విమానంలో ఇంకోసారి చదువు.

ముందు ఒక పాప సంగతి చెప్తాను. నేను చేరిన మూడో ఏడు, రెండో తరగతిలో ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం డబ్బా మూత రాక నా దగ్గరికి తెచ్చి, "అన్నం" అంది. నేను సరిగా విన్నానా అని మళ్ళీ అడిగాను. "అన్నం, పెరుగు" అంది, చక్కగా, గోదావరి యాసలో. ఆ పాపని నెలల బిడ్డప్పటి నుంచి పెంచింది మన గోదావరి జిల్లా నుంచి వెళ్ళిన పనిమనిషి. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆమే నీళ్ళు పోసేది, ఆమే తినిపించేది, ఆమే జోకొట్టేది.

మరుసటి ఏడు ఆమె కాంట్రాక్టు అయిపోయి ఇంటికి వచ్చేసింది. పాప మూడు వారాలు బళ్ళో నోరు విప్పలేదు. డబ్బా తెచ్చినట్టే తిరిగి వెళ్ళేది. తల్లిదండ్రులు చాలా మంచివాళ్ళు. డాక్టరుకి చూపించారు, కొత్త ట్యాబ్ కొన్నారు, ఇంకో మనిషిని పెట్టారు. వాళ్ళ లెక్కలో పనిమనిషి మారింది, అంతే. పాప లెక్కలో తల్లి పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నేను వాళ్ళమ్మని పిలిచి, ఊరికి వెళ్ళిపోయిన ఆ పనిమనిషికి ఒకసారి ఫోన్ చేసి పాపతో మాట్లాడించమన్నాను. మొదట చిన్నబుచ్చుకుంది, తర్వాత మాట్లాడించింది. రెండోది, నిజ్వా దగ్గర ఊళ్ళో ఉండే నాయనమ్మ దగ్గరికి ప్రతి శుక్రవారం తీసుకెళ్ళమన్నాను. మస్కట్ నుంచి కార్లో గంటన్నర దారి. ఆ పెద్దావిడ పాపకి బొమ్మలేమీ కొనలేదు. చాప వేసి, ఖర్జూరాల గుట్ట ముందు కూర్చోబెట్టి, మెత్తవి ఒక పక్కకి, గట్టివి ఒక పక్కకి ఏరమంది. ఏరినంతసేపూ తను మాట్లాడుతూనే ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి పాప బళ్ళో మళ్ళీ మాట్లాడింది. అదీ నాయనమ్మ వాడే పాత పల్లెటూరి అరబ్బీలో. క్లాసులో పిల్లలు నవ్వారు, పాప కూడా నవ్వింది.

నేను అక్కడ నేర్చుకున్నదంతా ఆ చాప మీద ఉందనిపిస్తుంది. మన సంస్కృతి గొప్పది అని మైకులో చెప్తే పిల్లలకి ఎక్కదు. తన చేతికి పని ఇచ్చి, తన రాక కోసం ఎదురుచూసే మనిషి ఒకరుండాలి. మనసు కుదుటపడటం ఒకటీ, తన వాళ్ళెవరో తెలియటం ఒకటీ అని విడివిడిగా పని పెట్టుకోకు. ఆ రెండూ ఒకే చోట దొరుకుతాయి. కాబట్టి నీ దగ్గరికి ఏ బిడ్డ వచ్చినా ముందు అడగాల్సింది: ఇంట్లో నిన్ను ఎవరు లేపుతారు? ఎవరితో కూర్చుని తింటావు? ఏ భాషలో తిట్లు తింటావు?

ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, ఒమానీలంటే అందరూ ఇంట్లో అరబ్బీయే మాట్లాడతారని నువ్వు అనుకుంటావు. నేనూ అలాగే అనుకుని ఒక బిడ్డని నొప్పించాను. వారసత్వ దినం అని బళ్ళో చేస్తారు. పిల్లలు పాత దుస్తులేసుకుని, హల్వా, కహ్వా అనే వాళ్ళ కాఫీ పెట్టి, తమ ఊరి గురించి నాలుగు మాటలు చెప్తారు. ఏడో తరగతి పిల్ల ఒకతి ఏమీ రాసుకురాలేదు. అందరి ముందు, "నీ ఊరేదో నీకు తెలియదా?" అన్నాను. ఆ పిల్ల వాళ్ళ నాయనమ్మ పుట్టింది తూర్పు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో. తరాల తరబడి అక్కడ బతికిన ఒమానీ కుటుంబాలు 1964 విప్లవంలో చెల్లాచెదురై, 1970 తర్వాత వేల సంఖ్యలో తిరిగొచ్చాయి. వాళ్ళింట్లో స్వాహిలి. ఇంకొకరింట్లో బలూచీ. మస్కట్‌లోని మత్రాలో ఉండే లవాతీలనే వ్యాపారుల తెగ ఇళ్ళల్లో వాళ్ళ సొంత భాష, దక్షిణాన ధోఫార్ కొండల్లో జబ్బాలీ. ఆ పిల్ల తల దించుకుని నిలబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ అవమానం నాకు తెలుసమ్మా. మనం దూదేకులవాళ్ళం. చిన్నప్పుడు నన్ను ఎంతమంది అడిగారో, "ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా?" అని. అటు వాళ్ళకి సరిపోం, ఇటు వాళ్ళకి సరిపోం. అంత తెలిసిన నేనే ఆ మాట అనగలిగాను. మర్నాడు అదే క్లాసులో, అందరి ముందే ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. నాయనమ్మని బడికి పిలిపించాను. ఆమె వచ్చి, మగవాళ్ళు పెట్టుకునే కుమ్మా టోపీ మీద సన్నసన్న రంధ్రాల చుట్టూ దారం ఎలా తిప్పి కుడతారో చూపించింది. ఆ టోపీకి జాంజిబార్‌తో ఎంత చుట్టరికం ఉందో చెప్పింది. మొహం ముడుచుకుని వెనక బెంచీలో కూర్చునే మగపిల్లలు కూడా తమ టోపీలు తీసి తిప్పి చూసుకున్నారు. వారసత్వ దినం నీ చేతికి వస్తే అద్దె దుస్తులు, ఫొటోలు తగ్గించు. ముసలివాళ్ళని పిలువు.

అక్కడ ముసలివాళ్ళు మామూలు ముసలివాళ్ళు కాదు. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి మూడే బళ్ళు, తొమ్మిది వందల మందో ఎంతో పిల్లలు, అందరూ మగపిల్లలే. తారు రోడ్డు పది కిలోమీటర్లు. 1986కల్లా విశ్వవిద్యాలయం తెరిచారు. మనకి నాలుగు తరాల్లో జరిగిన మార్పు వాళ్ళకి ఒక్క మనిషి ఆయుష్షులో జరిగిపోయింది. గాడిద మీద ఊరు దాటిన తాత, ఫోన్లో అరబ్బీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే మనవడు ఒకే పళ్ళెంలో అన్నం తింటారు. ఐన్ అక్షరానికి 3 అంకె, గట్టి హా అక్షరానికి 7 అంకె వేసి రాస్తారు ఈ పిల్లలు. చూసి బెంగపడకు, మన పిల్లలు తెలుగు రాసే తీరు అంతకంటే మెరుగేం కాదు. కాకపోతే తాతకి ఆ ఫోన్ చదవడం రాదు, మనవడికి తాత బతుకు తెలియదు. మధ్యలో నువ్వున్నావు.

పదో తరగతి కుర్రాడొకడు క్లాసులో నిద్రపోయేవాడు. రాత్రంతా ఫోనే. "ఊళ్ళో ఏముంది మేడమ్?" అనేవాడు. విచారిస్తే వాళ్ళ తాత ఊరి ఫలజ్‌కి అరీఫ్ అని తెలిసింది. ఫలజ్ అంటే కొండ కింద నుంచి నీళ్ళు తెచ్చే పాత కాలువ. అలాంటివి మూడు వేల దాకా ఇంకా పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఎవరి తోటకి ఎంతసేపు నీళ్ళో చూసేవాడు అరీఫ్. మన చెరువు కింద నీరుకట్టు మనిషి లాగా అనుకో. వాటాకి అథర్ అని పేరు, సుమారు అరగంట. మీ ఇంటి వాటా ఎంతో లెక్క కట్టుకు రమ్మని లెక్కల ప్రాజెక్టు కింద పంపాను. రెండు వారాల తర్వాత నోటు పుస్తకం నిండా రాసుకొచ్చాడు: పగలు కర్ర నీడని బట్టి, రాత్రి ఏ నక్షత్రం కొండ అంచు దాటితే ఎవరి వంతు వచ్చినట్టో. ఆ సెలవుల్లో తాత వాణ్ణి వెంట తిప్పుకున్నాడు. ఫోన్ మానేశాడని చెప్పను, మానలేదు. కానీ ఊరి పేరు చెప్పినప్పుడు గొంతు మారింది.

ఇక ఉద్యోగాల సంగతి. ఒకసారి పన్నెండో తరగతి అమ్మాయి నా మొహం మీదే అంది: "మేడమ్, మీరు కూర్చున్న కుర్చీ మా అక్కది." వాళ్ళక్క డిగ్రీ చేసి నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది. 1988 నుంచే అక్కడ ఒమానీకరణ విధానం ఉంది, అంటే బయటివాళ్ళ ఉద్యోగాల్లో ఒమానీలని పెట్టడం. అయినా చదువుకున్న పిల్లలకి సరిపడా ఉద్యోగాలు లేక 2011లోనూ 2021లోనూ సోహార్ పట్నంలో కుర్రాళ్ళు వీధికెక్కారు. ఆ అమ్మాయి మాటకి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరా ఉండదు. వాదించకు. కూర్చోబెట్టి అక్క ఏం చదివిందో, రోజంతా ఏం చేస్తుందో అడుగు. నా చివరి ఏడాది నా స్థానంలోకి వచ్చిన ఒమానీ టీచరుకి నేనే పని నేర్పించి వచ్చాను. ఆ ఇరవై రెండేళ్ళలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన ఏడు అదే.

బిడ్డకి బాగోలేదంటే ఇంట్లో ముందు అనే మాట దిష్టి, లేకపోతే జిన్ను. ఖురాన్ చదివించి నీళ్ళు ఊదిస్తారు. నువ్వు చదివిన చదువుకి అది మింగుడు పడకపోవచ్చు. మొహంలో కనపడనివ్వకు. ఆ తల్లికి భయం వేసినప్పుడు చేతికందిన ధైర్యం అది. మన ఇళ్ళల్లో దర్గా తాయెత్తు కట్టుకుని ఆస్పత్రికి వెళ్ళలేదా! "అది ఆపకండి, దాంతోపాటు డాక్టరుకీ చూపిద్దాం" అను. ఒంటెని కట్టేసి, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యమన్న హదీసు అక్కడ తెలియని ఇల్లు లేదు, నాకెన్నోసార్లు సాయపడింది. మస్కట్‌లో మానసిక వైద్యానికి పెద్ద ఆస్పత్రే ఉంది. వాళ్ళ భయం డాక్టరంటే కాదు. తెగ పేరుకి మచ్చ వస్తుందని, రేపు అక్కచెల్లెళ్ళకి సంబంధాలు రావని. అందుకని ఎవరు వచ్చారో ఎందుకు వచ్చారో నీ గది దాటకూడదు. ఒక్కటి మాత్రం మినహాయింపు. చావు మాట ఎత్తిన బిడ్డ సంగతి దాచకు, ఎంత బతిమాలినా సరే. అదే పూట పెద్దవాళ్ళకి చెప్పు, ఆ బిడ్డ పక్కనే కూర్చుని చెప్పు.

రంజాన్‌లో బడి వేళలు తగ్గిస్తారు, పిల్లలు నిద్రమొహాలతో వస్తారు. ఆడపిల్ల ఎవరైనా ఉపవాసం లేకపోతే ఎందుకని అడగకు. మనింటి ఆడపిల్లవి, నీకు వేరే చెప్పాలా! నీ గదిలో మూలగా నీళ్ళ సీసా పెట్టి, తలుపు దగ్గరగా వేసి ఉంచు. ఆ నెల పద్నాలుగో రాత్రి చిన్నపిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ వస్తారు, ఖరన్‌ఖషూ అంటారు. చాక్లెట్లు, పల్లీలు ముందే కొనిపెట్టుకో.

హిజాబ్ గురించి, జుట్టు గురించి, కారు నడిపే అమ్మాయి గురించి, దేని మీదా నీ మెప్పుగానీ విసుగుగానీ పిల్లలకి కనపడకూడదు. ఒకతిని మెచ్చుకుంటే పక్కనున్న పిల్లని తగ్గించినట్టే. పెద్ద తరగతి మగపిల్లలతో మాట్లాడేటప్పుడు తలుపు బార్లా తీసి ఉంచు. బళ్ళో ఒమానీ ఉపాధ్యాయుడు ఎవరైనా నెమ్మదస్తుడు ఉంటే ఆయన సాయం తీసుకో. కొన్ని మాటలు మగపిల్లలు మగవాళ్ళకే చెప్తారు, దానికి నొచ్చుకోకు.

సామాన్లలో మంచి యాలకులు అరకిలో పెట్టుకో. ఒమానీ ఇంటికి పిలుపు వస్తే తప్పకుండా వెళ్ళు, ఆ పొట్లం ఆ ఇంటి పెద్దావిడ చేతికివ్వు. కహ్వాలో యాలకులు పడాల్సిందే. చిన్న గిన్నెలో అడుక్కంటా పోస్తారు. కుడి చేత్తో అందుకో. ఇక చాలనుకుంటే గిన్నెని కాస్త ఊపి ఇవ్వు, లేకపోతే పోస్తూనే ఉంటారు. బళ్ళో నీకు తలనొప్పి తెప్పించే పిల్లవాడే ఆ ఇంట్లో ఎడమ చేత్తో దల్లా, అదే కహ్వా కూజా, పట్టుకుని, ముందు తాతకి, తర్వాత నీకు, వరసగా అందరికీ పోస్తూ నిలబడి ఉండొచ్చు. వాడి నడుం ఎంత నిటారుగా ఉందో చూడు. ఆదివారం బళ్ళో వాడితో మాట్లాడాల్సి వస్తే అక్కణ్ణించి మొదలుపెట్టు.

మొదటి ఇంటికి వెళ్ళొచ్చిన రోజే నాకు రాయి, కాఫీ ఎవరు పోశారో.

మీ పెద్దమ్మ