‘దొంగలు’ అని పోస్టు పెట్టాను, పది లక్షలకు నోటీసొచ్చింది

ప్రశ్న: నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. సీతమ్మధారలో ఉంటాం. గత మేలో ద్వారకానగర్‌లోని ఒక షాపులో 43,000 రూపాయలకు ఏసీ కొన్నాం. మూడు నెలల్లో మూడుసార్లు గ్యాస్ పోయింది. ఎన్నిసార్లు తిరిగినా షాపువాళ్లు పట్టించుకోలేదు. కోపమొచ్చి ఫేస్‌బుక్‌లో ఏసీ సంగతంతా రాసి, ‘వీళ్లు దొంగలు, నకిలీ కంప్రెసర్లు వేసి అమ్ముతారు, ఓనరు ఇంటిల్లిపాదీ మోసగాళ్లే’ అని కూడా రాశాను. 15 రోజుల్లో 10 లక్షలు కట్టాలంటూ లాయరు నోటీసు వచ్చింది. ఆ వారమే, షుగర్‌కి ఆకుపొడి అమ్ముతూ ఇన్సులిన్ మానేయమంటున్న ఒకతనితో ఆన్‌లైన్‌లో వాదన పడితే ‘నీ మీద 66ఏ కింద కేసు పెడతా’ అన్నాడు. నిన్న స్టేషన్ నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, 20,000 పంపకపోతే అరెస్టే అన్నారు. వాట్సాప్‌లో నోటీసు కూడా పెట్టారు. స్టీల్ ప్లాంటు మీద రాసినవన్నీ తీసేయమని మా అబ్బాయి పోరుతున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి. పైసా పంపకండి. నిందితుణ్ణి విచారణకు పిలవాలంటే పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. డబ్బు తీసుకుని ఫిర్యాదు మూసేసే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. ఆ నంబరు, ఆ మెసేజీ దాచిపెట్టి మన నగరంలోని సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఒకవేళ ఇప్పటికే పంపేసి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక షాపు నోటీసు. మీ పోస్టులో నాలుగు ముక్కలున్నాయి, నాలుగింటికీ చట్టం దగ్గర విలువ వేరు. ఏసీ మూడుసార్లు పాడైందనీ, షాపువాళ్లు పట్టించుకోలేదనీ రాసినదానికి బిల్లు, మెకానిక్ ఇచ్చిన జాబ్‌కార్డులు సాక్ష్యం. దాని జోలికి ఎవరూ రాలేరు. ‘దొంగలు’ అన్నది కోపంలో వచ్చిన తిట్టు. బాగోలేదు, అయినా సందర్భం చూపించి వాదించుకోవచ్చు. అసలు ఇబ్బంది ‘నకిలీ కంప్రెసర్లు’ దగ్గరుంది. అది అభిప్రాయం కాదు, ఒక వాస్తవం ఉందని చెప్పడం. ఆ కంప్రెసర్‌ని మీరు విప్పించి చూశారా? ఎవరైనా నిపుణుడు రాసిచ్చాడా? లేకపోతే ఆ ముక్కను కోర్టులో నిలబెట్టడం కష్టం. పోతే, ‘ఇంటిల్లిపాదీ’ అనడం వల్ల షాపు గుమ్మం కూడా తొక్కని వాళ్లకు కూడా మీ మీద ఫిర్యాదు చేసే అవకాశం మీరే ఇచ్చారు. ఏసీకీ ఓనరు భార్యకీ ఏమిటి సంబంధం?

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కిందికి వస్తుంది. 2024 జూలై 1కి ముందు ఇది పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ కూడా శిక్షగా వేయవచ్చు. ఇది బెయిలు వచ్చే నేరం, పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు. షాపు ఓనరు స్వయంగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం మేజిస్ట్రేటు దాన్ని విచారణకు స్వీకరించే ముందు మీ వాదన వినే అవకాశం కూడా ఇవ్వాలి.

‘నేను రాసింది నిజమే కదా’ అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. సివిల్ దావాలో నిజం ఒక్కటే చాలు. క్రిమినల్ కేసులో మాత్రం నిజంతో పాటు అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపాలి. ఇతర కొనుగోలుదారులను హెచ్చరించడానికో, తన ప్రయోజనాన్ని కాపాడుకోవడానికో సద్భావంతో రాసినా మినహాయింపు ఉంది. సద్భావం అంటే చట్టం లెక్కలో మంచి మనసు కాదు, తగిన జాగ్రత్త తీసుకుని రాయడం. మీ మొదటి ముక్కకి ఇవన్నీ వర్తిస్తాయి. మిగతావాటికి అనుమానమే.

కాబట్టి మొదట ఆ పోస్టు మొత్తాన్ని తేదీ, లింకుతో సహా భద్రపరచండి. ఆ తర్వాత కంప్రెసర్ వాక్యం, కుటుంబం మీద వాక్యం తీసేయండి. ఏసీ కథ మాత్రం ఉంచండి. నోటీసుకు లాయరు ద్వారా జవాబు ఇప్పించండి. ఇవ్వకపోతే నేరమేమీ కాదు, కానీ మౌనాన్ని రేపు మీకు వ్యతిరేకంగా వాడతారు. ఓనరుకు మీరే ‘సారీ అండీ, తప్పయింది’ అని మెసేజీ పెట్టకండి, అది ఒప్పుకోలుగా ఫైల్లో చేరుతుంది. పది లక్షలకు భయపడొద్దు. దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, పోస్టు పెట్టిన ఏడాది లోపే వేయాలి. నోటీసులో అంకె రాయడానికి మాత్రం ఖర్చేమీ ఉండదు.

ఆకుపొడి ఆయన చెప్పిన 66ఏ అంటే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజీలు పెడితే శిక్షించే ఐటీ చట్టం సెక్షను. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అయినా కొన్నిచోట్ల దాని కింద కేసులు పెడుతూనే ఉంటే, ఎవరినీ దాని కింద ప్రాసిక్యూట్ చేయకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. నిజానికి చిక్కు ఆయనకే ఉండొచ్చు. మధుమేహాన్ని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. తనకు పనిచేసిందని ఊరికే చెప్పుకుంటే ప్రకటన కాదు. ధర, ఫోన్ నంబరు పెట్టి అమ్మితే ఔషధ నియంత్రణ శాఖకు రాయవచ్చు. మీరు మాత్రం ఆ మందు గురించే మాట్లాడండి, మనిషిని హంతకుడు అనకండి. ఎదుటివాళ్లకు ఇన్సులిన్ డోసులు కూడా చెప్పకండి, మీరు డాక్టరు కాదు.

స్టీల్ ప్లాంటు పోస్టులు ఎందుకు తీయాలి? అమ్మకం మీదా, ప్రభుత్వం మీదా ఎంత ఘాటుగానైనా రాయవచ్చు. మీ అబ్బాయి భయం ఊరికే వచ్చింది కాదు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైన తర్వాత, దాని మీద ప్రశ్నలు వేసే పోస్టు పంచుకున్న గుంటూరు మహిళ మీద సీఐడీ కేసు పెట్టింది. ఆ ధోరణి తప్పని నా అభిప్రాయం. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, మాటల నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం సముచితమనీ, ప్రతిదాన్నీ ముప్పుగా చూసే బలహీన మనస్కుల కొలతతో మాటల్ని తూచకూడదనీ చెప్పింది. కులం, మతం, ప్రాంతం పేరెత్తి జనాన్ని జనం మీదికి ఎగదోసే మాటలైతే వేరు. అవి న్యాయ సంహిత సెక్షన్ 196 కిందికి వస్తాయి, అక్కడ పోలీసులు నేరుగా కేసు కడతారు, బెయిలూ సులువు కాదు. అలాంటివి ఇంకెవరో రాస్తే షేర్ కూడా చేయకండి.

ఏసీ విషయంలో మీ హక్కు మీకు ఇంకా ఉంది. గొడవ మొదలైన రెండేళ్లలోపు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ఈలోగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఒక ఫిర్యాదు నమోదు చేయించండి, ఆ నంబరు రేపు కాగితాల్లోకి పనికొస్తుంది. స్క్రీన్‌షాట్లు కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. మెకానిక్ మూడోసారి వచ్చినప్పుడు జాబ్‌కార్డు ఇవ్వకపోయి ఉంటే ఈ వారంలోనే అడిగి తెచ్చుకోండి.